గొడ్డు కందికి ఇంకో పేరు

పటాన్‌చెరుకు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఇక్కడి తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. మాది కృష్ణా జిల్లా. డైరీలో వాన, ఎండ, ఆ రోజు పొలంలో చేసిన పని రాశాక, పేజీ అంచున కొత్తగా విన్న మాట ఒకటి, దాని అర్థం రాసుకునేవాణ్ణి. జెర అంటే కొంచెం. ఇగ అంటే ఇక. తొవ్వ అంటే దారి. ఏళ్ళు గడిచేకొద్దీ అలా రాసుకోవాల్సిన మాటలు తగ్గిపోయాయి, నేనూ అవే మాట్లాడడం మొదలుపెట్టాను కాబట్టి. ఒక్క మాట మాత్రం మూడు వేర్వేరు డైరీల అంచుల్లో మూడుసార్లు రాసి ఉంది. మూడుసార్లూ అర్థం వేరు. అది ఇక్కడి మాట కాదు, మా వైపు మాటా కాదు. వైరస్.

ఆ మాట గురించి రాద్దామని కూర్చున్నాను గాని, నిజానికి నేను రాయాలనుకుంటున్నది ఒక మనిషి గురించి. ఆమె పేరు రాయను. బతికినన్నాళ్ళూ లోకం ఆమెకు పెట్టిన పేర్లు చాలు.

మా వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో కంది తెగుళ్ళ విభాగంలో నేను ఫీల్డ్ అసిస్టెంటును. కందికి ఒక విచిత్రమైన తెగులు వస్తుంది. అది వస్తే మొక్క చావదు, ఎండిపోదు. పైగా గుబురుగా పెరుగుతుంది. ఆకులు చిన్నవైపోయి, వాటి మీద ముదురు పచ్చ, లేత పచ్చ కలగలిసి మచ్చలుగా కనిపిస్తాయి. కానీ పూత రాదు. పక్క మొక్కలన్నీ కాయల బరువుతో వంగినప్పుడు ఇది ఒక్కటీ పచ్చగా, నిటారుగా నిలబడి ఉంటుంది. రైతులు దాన్ని గొడ్డు కంది అనేవాళ్ళు. రైతుల కోసం మేము అచ్చు వేసే కరపత్రాల్లో కూడా గొడ్డు తెగులు అనే రాసేవాళ్ళం. ఆ మాటలో ఇబ్బంది ఏమైనా ఉందని నాకు అప్పటికి తోచలేదు.

ఆమె బొంతపల్లి దారిలోని ఒక ఊరి నుంచి మా దగ్గరికి కూలికి వచ్చేది. సొంత భూమి ఉన్న ఇల్లే. బావి ఎండిపోయాక అత్త మెట్ట పంట చూసుకునేది, భర్త ఫ్యాక్టరీ సరుకు వేసుకుని బొంబాయికి లారీ తోలేవాడు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. అత్తాకోడళ్ళు ఇద్దరూ నోరున్నవాళ్ళే. పొద్దున ఇంట్లో జరిగిన గొడవను బస్సు దిగగానే ఇద్దరి గొంతులతోనూ చేసి చూపించి ఆమె అందరినీ నవ్వించేది.

ఆమె చేసే పని గురించి కొంచెం చెప్పాలి. తర్వాత జరిగిందంతా దాని మీదే నడిచింది. ఏ కంది రకం ఈ తెగులును తట్టుకుంటుందో తెలియాలంటే, ప్రతి రకానికీ మేమే తెగులు అంటించి చూడాలి. తెగులు మొక్క నుంచి ఆకు తెంపి, లేత మొక్క ఆకు మీద మడిచి, స్టేప్లరుతో పిన్ను కొట్టాలి. తెగులు ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న నల్లులు ఉంటాయి. పిన్ను కొట్టిన ఆకు వాడిపోతుంటే అవి కొత్త ఆకు మీదికి పాకుతాయి, వాటితో పాటే తెగులూ వెళుతుంది. ఆఫీసుల్లో కాగితాలకు కొట్టే మామూలు స్టేప్లరే అది. చీర కొంగు నడుముకు దోపుకున్న ఆడవాళ్ళు వరసలో వంగి, టక్కు టక్కుమని పిన్నులు కొట్టుకుంటూ పోతుంటే, చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళు ముచ్చటపడి ఫొటోలు తీసుకునేవాళ్ళు.

ఒకరోజు వరసలో ఒకావిడ, పూత లేకుండా నిగనిగలాడుతున్న మొక్కను చూపించి, "గిది అచ్చం మనామె లెక్కనే ఉన్నది సూడు. మస్తు పచ్చగ, కడుపు మాత్రం ఖాళీ" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సాయంత్రం పనిముట్లు అప్పజెప్పి అందరూ బస్సు వైపు వెళుతుంటే ఆమె ఒక్కతే ఆగింది.

"సారూ, దీనికి ఇంకో పేరు లేదా?"

దేనికని అడిగాను.

"గీ కందికి. గొడ్డు అనకుంట."

మా విభాగం పెద్ద, మేము డాక్టరు గారని పిలిచే పరిశోధకుడు, ఈ తెగులుకు కారణం వైరస్ అయి ఉంటుందని అనుకునేవారు. అప్పటికి దాన్ని ఎవరూ పట్టుకోలేదు, చూడలేదు. అయినా ఆమె అడిగిన తీరు చూసి, "వైరస్ అంటారు" అన్నాను.

ఆమె రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. తినబోయే పండును చేతిలో తిప్పి చూసుకున్నట్టుగా. తర్వాత తల ఊపి, "మంచిగుంది సారూ. తిట్టు లెక్క లేదు" అంది.

మర్నాటి నుంచి మడిలో ఎవరైనా గొడ్డు అంటే ఆమె ఊరుకునేది కాదు. "గొడ్డు గాదు, వైరస్ అనుండ్రి. సారే చెప్పిండు" అని సరిదిద్దేది. మొదట వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అలవాటైపోయింది. ఆ మడి వైరస్ మడి అయింది, ఆ గుంపు వైరస్ గుంపు అయింది. పొద్దున బస్సులు దిగగానే మేస్త్రీ, పల్లీలోళ్ళు అటు, వైరసోళ్ళు ఇటు అని కేక పెట్టేవాడు. ఊళ్ళో ఎవరైనా ఎక్కడ పనిచేస్తున్నావని అడిగితే ఆమె "వైరస్ల పనిచేస్త" అని చెప్పుకునేది. చుట్టాలు వస్తే స్టేప్లరు పట్టుకున్నట్టు వేళ్ళు ఆడించి, మంచి ఆకుకు వైరస్ ఎట్లా అంటిస్తుందో చేసి చూపించేదట. అత్త కూడా ఊరి బోరింగు దగ్గర అదే చెప్పుకునేది, మా కోడలు వైరస్ల పనిచేస్తదని.

తర్వాతి కరపత్రం రాసేటప్పుడు నేను గొడ్డు తెగులు అన్నచోటల్లా కొట్టేసి వైరస్ తెగులు అని మార్చాను. ఎందుకని డాక్టరు గారు అడిగితే, రైతులకు శాస్త్రం మాట అలవాటవుతుందన్నాను. ఆయన సంతోషించి, టీ తాగుతూ ఆ మాట పుట్టుక చెప్పారు. పాత లాటిన్‌లో వైరస్ అంటే విషమట. పాము కోరలో ఊరేది, కొన్ని చెట్లను గిల్లితే కారే ఘాటైన పాలు, అన్నీ ఆ మాటలోకి వచ్చేవట. మన సంస్కృతంలోని విషం, అదీ ఒక తల్లి పిల్లలేనట. చాలాకాలం తర్వాత పొగాకు ఆకుకు వచ్చిన తెగులు మీద పనిచేసినవాళ్ళు, ఆ ఆకు రసాన్ని సూక్ష్మక్రిములు కూడా దాటలేని జల్లెడలో వడగట్టినా ఆ రసం తెగులు అంటిస్తూనే ఉందని చూసి, అందులో ఉన్నదేదో తెలియక, ఈ పాత మాటే దానికి పెట్టారట. అంటే ఇప్పుడు మనం వాడే అర్థం మొదట ఒక ఆకులో పుట్టింది, మనుషుల దాకా తర్వాత వచ్చింది.

ఆ రోజు పేజీ అంచున వైరస్ అంటే విషం అని రాసుకున్నాను. ఆమెకు మాత్రం చెప్పలేదు. తిట్టు కాదని ఏరుకున్న మాట కదా.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఇంతలో ఆ మాటే బొంబాయి రోడ్డు మీది నుంచి ఇంకో వేషంలో వచ్చింది. లారీలు ఆగే దాబాల గోడల మీద హెచ్చరికలు రాశారు. రేడియోలో ఒక గొంతు జాగ్రత్తలు చెప్పేది. టీ కొట్ల దగ్గర మగవాళ్ళు ఆ జబ్బు పేరు ఎత్తకుండా, ఫలానావాడికి వైరస్ ఉందట అని గొంతు తగ్గించి అనడం మొదలైంది. డైరీ అంచున రెండోసారి రాసుకున్న అర్థం అది.

ఆమె భర్త చిక్కిపోవడం మొదలుపెట్టాడు. జ్వరం విడిచిపెట్టేది కాదు, తిన్నది నిలిచేది కాదు. లారీ వేరేవాళ్ళ చేతికి పోయింది. చివరికి సంగారెడ్డిలో ఆస్పత్రికి తీసుకువెళితే, రక్తం చూసి డాక్టరు ఆ తల్లిని పక్కకు పిలిచి, నీ కొడుకు రక్తంలో వైరస్ ఉందమ్మా అని చెప్పాడట. ఆ ముసలామె ముఖం విప్పారిందట. "గంతేనా సారూ? మా కోడలు గా వైరస్లనే పనిచేస్తది. గామెకు ఎర్కుంటది మందు" అందట.

ఈ సంగతి నాకు ఆమే చెప్పింది, వైరస్ మడి గట్టు మీద నిలబడి. అత్తగొంతు చేసి చూపించడం అలవాటే గనుక ఆ మాట కూడా అత్తగొంతుతోనే మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. తర్వాత, "గా దానికి దీనికి సంబంధం లేదని నాకు ఎర్కనే. అయినా అత్త అడిగి రమ్మన్నది సారూ. అడుగుతున్న. మన కందిల తట్టుకునే రకం దొరికింది గద. గట్ల మనుషులకేమన్న ఉంటదా?" అంది.

లేదన్నాను. మంచి తిండి పెట్టమన్నాను. తన రక్తం కూడా చూశారని, తనకూ ఉందని, వెళ్ళబోతూ చెప్పింది.

ఆ వానాకాలంలో అతను పోయాడు. దినాలు అయ్యాక ఆమె మళ్ళీ పనికి వచ్చింది. కానీ అప్పటికి ఊళ్ళో లెక్క ఒకటి తేలిపోయింది. ఆమె వైరస్‌లో పనిచేస్తుంది. మంచి ఆకుకు వైరస్ అంటించడమే ఆమె పని, ఆ మాట ఆమె నోటితోనే అందరికీ చెప్పుకుంది, చేతులతో చేసి చూపించింది. మొగుడు వైరస్‌తో చచ్చిపోయాడు. ఇంకేం కావాలి? ఆ చేతులతోనే వండిపెట్టిందని, అంటించి చంపిందని అన్నారు. కొడుకు పోయిన తల్లి కూడా వాకిట్లో కూర్చుని అదే ఏడ్చింది. ఇన్నేళ్ళు అదే మడిలో అదే పిన్నులు కొట్టిన ఆడవాళ్ళు కూడా ఆమె ముట్టిన బిందెలో నీళ్ళు తాగడం మానేశారు. అన్నం తినేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆమె దూరంగా వెళ్ళి కూర్చునేది. ఇంట్లో ఆమె మంచం గొడ్ల కొట్టంలోకి మారింది. ఊరి పెద్దలు కూర్చుని ఆమెను పుట్టింటికి పంపెయ్యమంటున్నారని తెలిసింది. పుట్టింట్లో తల్లీ తండ్రీ లేరు.

"మా ఊరికి ఒక్కసారి రా సారూ" అని అడిగింది. "కందిది మనుషులకు రాదని నువ్వు చెప్తే ఇంటరు. నన్ను ఎల్లగొట్టకుంటే సాలు."

డాక్టరు గారిని కూడా తీసుకువస్తానన్నాను. జీపు వస్తే ఊరంతా పోగవుతుందని వద్దంది. కొంచెంసేపు ఆగి, "ఒక్కటి సారూ. మా ఆయన ముచ్చట మాత్రం తియ్యకు" అంది.

అలా అయితే నేను చెప్పేది సగమే అవుతుందన్నాను.

"సగమే చెప్పు. ఒక్క కొడుకు సారూ గామెకు. పోయిండు. పోయినోన్ని మంచోడని ఏడుస్తున్నది. గదొక్కటి గుంజుకుంటే ఇగ ఆమెకేం ఉంటది?"

ఆదివారం స్కూటరు మీద వెళ్ళాను. మడి నుంచి ఒక తెగులు మొక్కను వేళ్ళతో సహా పీకి సంచిలో పెట్టుకున్నాను. ఆమె ఇంటి వాకిట్లో పది మందికి పైగా ఉన్నారు. అత్త గడప మీద కూర్చుంది. ఆమె కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. నేను ఎప్పుడూ రైతులకు చెప్పే పద్ధతిలోనే, మొక్కను చేత్తో పట్టుకుని, ఈ వైరస్ కందికి తప్ప పక్కనున్న జొన్నకు కూడా అంటుకోదని, మనిషి ఒంట్లో అసలు బతకదని చెప్పాను. పేరు ఒకటే గాని రెండూ వేరన్నాను. ఒకరి ముఖంలోనూ నమ్మకం కనిపించక, మొక్క నుంచి ఆకులు తెంపి నోట్లో వేసుకుని నమిలి మింగాను.

అత్త నన్ను చూస్తూ, "మా మేకలు గూడ తింటయి సారూ. నువ్వు తింటే ఏమున్నది గొప్ప?" అంది.

ఎవరో నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ తర్వాత అత్త గొంతు మారింది.

"సరే. కందిది రాదంటున్నవు. మరి నా కొడుక్కు యాడికెల్లొచ్చింది? నువ్వు సదువుకున్నోనివి, చెప్పు."

వాకిలి అంతా నా నోటి వైపే చూసింది. జవాబు నాకు తెలుసు. ఆ ఊళ్ళో లారీ తోలే మగవాళ్ళలో కొందరికి కూడా తెలుసనుకుంటాను, వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. నేను గుంజ దగ్గరున్న ఆమె వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపలేదు, సైగ చెయ్యలేదు. ఊరికే నా వైపు చూస్తూ ఉంది. ఆకు పసరు నా నాలుక మీద చేదుగా ఉంది. నేను మొక్కను సంచిలో పెట్టేశాను.

అప్పుడు ఆమే అంది. "నా చేతులకెల్లే వచ్చిందేమో అత్తా. ఎవరికెర్క. ఇగ గా మడిల పనికి పోను. గొడ్లను చూసుకుంట ఈన్నే ఉంట."

పంచాయతీ అక్కడితో ముగిసింది. తప్పు ఒప్పుకున్న మనిషిని వెళ్ళగొట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. కొట్టంలోనే ఉండమన్నారు.

ఆమె పని మానేసింది. ఆ తర్వాత నేను అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆగి చూసేవాణ్ణి. అత్త బజారులో అందరూ వినేటట్టు, "ఓ వైరస్‌దానా, నీళ్ళు తే" అని పిలిచేది. ఆమె తెచ్చేది. గొడ్డు అన్న మాటను ఆ ఊళ్ళో ఎవరూ ఆమె మీద వాడడం లేదు. దానికి పని లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులోకి కంప్యూటర్లు నిండుగా వచ్చాయి, వాటికీ వైరస్ వచ్చింది. ఫ్లాపీ ఇస్తే, నీది నేను ముట్టుకోను బాబూ, దాంట్లో వైరస్ ఉంది అని కుర్చీ వెనక్కి జరిపి నవ్వుకునేవాళ్ళు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి గాని, ప్రతిసారీ నాకు ఆ నీళ్ళ బిందె గుర్తుకు వచ్చేది. మూడో అర్థం ఆ ఏడాది డైరీలో ఉంది.

అప్పుడే ఇంకొకటి జరిగింది. కంది తెగులుకు కారణం వైరసేనని, ఇన్నేళ్ళ వెతుకులాట తర్వాత, చివరికి తేలింది. దాన్ని పట్టుకున్నారు. మా విభాగంలో మిఠాయి పంచారు. నా వంతు లడ్డూలు పొట్లం కట్టించుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. బాగా సన్నబడింది. కొట్టం గోడకు ఆనుకుని కూర్చుని సంగతంతా విని, "అంటే గిన్నేండ్లు మీకెవ్వరికీ పక్కా ఎర్క లేదా? మరి వైరస్ అని నేనే ముందుగాల ఒప్పుకున్న గద సారూ" అంది. లడ్డూ కొంచెం విరిచి నోట్లో వేసుకుని, మిగతాది అత్తకని పక్కన పెట్టింది.

మరో రెండేళ్ళకు ఆమె పోయింది. ఆ జబ్బుకు మందులు సర్కారు ఉచితంగా ఇస్తుందన్న మాట అప్పుడప్పుడే వినిపిస్తోంది. ఆమె దాకా రాలేదు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. అత్త ఒక్కతే ఉంది, చూపు తగ్గింది. నా గొంతు గుర్తుపట్టి కూర్చోమంది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. నేను తాగుతుంటే, ఏమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"నా కొడుకే తెచ్చిండని నాకు ఎర్కనే సారూ. బొంబాయి తొవ్వ సంగతి నాకెర్క లేదా?"

ఎప్పటి నుంచి తెలుసన్నాను.

"పంచాయతీ అయినంక. ఒకదినం కోడలి కాళ్ళు పట్టుకుని అడిగిన, నిజం చెప్పమని. చెప్పలే. ఏడ్సింది. గదే చెప్పినట్టు. మరి బజార్ల అట్లెందుకు పిలుస్తుంటినంటవా? గామెనే పిలువమన్నది. నువ్వు పిలువకుంటే ఊరోళ్ళకు అనుమానమొస్తది, నీ కొడుకు పేరు ఖరాబైతది అన్నది. నన్ను అను అత్తా, నాకు పేర్లు కొత్తనా అన్నది."

రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు ఒకటి పోయింది. తర్వాత ఆమె, "సారూ, గా మాటకు అర్థమేంది? అసలుది" అని అడిగింది.

ఆ ముసలామెకు అబద్ధం చెప్పాలని అనిపించలేదు. విషం అన్నాను.

ఆమె పెదవులు ఆ మాటను చప్పుడు లేకుండా ఒకసారి పలికాయి. "గామెకు ఎర్కనా?"

"తెలియదు. నేను చెప్పలేదు."

"మంచి చేసినవ్" అంది.

లేచి వస్తుంటే పెరటి గోడ పక్కన ఒక కంది మొక్క కనిపించింది. కోడలు ఎప్పుడో చల్లిన గింజల నుంచి ప్రతి ఏడూ ఒకటో రెండో మొలుస్తాయట. దగ్గరికి వెళ్ళి ఆకు తిప్పి చూశాను. చిన్న ఆకులు, ముదురూ లేతా మచ్చలు, గుబురుగా, నా ఛాతీ ఎత్తున. పూత లేదు. నేను ఎందుకు నిలబడ్డానో ఆమె గ్రహించింది.

"గది వైరస్‌దే గద సారూ? పీకెయ్యాలె గద? పక్క చేన్లకు అంటుకుంటదని గామె చెప్తుండె."

అవును, పీకెయ్యాలి. ఉద్యోగమంతా అదే చెప్పాను. అలవాటు కొద్దీ చెయ్యి దాని మొదలు దాకా వెళ్ళింది. తల ఎత్తి గోడ అవతల చూశాను. వెనకటి కంది చేలల్లో ఒకవైపు గోడౌన్లు, ఒకవైపు ప్లాట్ల హద్దురాళ్ళు. కనుచూపు మేరలో అంటుకోవడానికి ఇంకో కంది మొక్క లేదు.

"ఉండనీయమ్మా" అన్నాను.

ఆమె తడుముకుంటూ నా పక్కకు వచ్చి, చెంబులో నేను మిగిల్చిన నీళ్ళు దాని మొదట్లో పోసింది.